నడుస్తున్న సర్వర్‌లో డిస్కు సర్దిన రోజు

కంప్యూటర్ల ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చి, ఏ భాష నేర్చుకుంటే మంచిదండీ అని అడుగుతుంటారు. నాకేం తెలుసు? నేను నేర్చుకున్న భాషలన్నీ నాకంటే ముందే రిటైరయ్యాయి. నేను చెప్పగలిగింది ఎక్కడ తప్పు చేశానో, ఎవరి ముందు చేశానో, అంతే. ప్రమోషన్ల సంగతి రాయను. అవి నాకు వచ్చిన తీరు చూస్తే రాయడానికి పెద్దగా ఏమీ లేదు కూడా.

నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి, అక్కడే పనిచేసి, అక్కడే రిటైరయ్యాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. నేను పనిచేసిన ఆఫీసు పేరు చెప్పను. కార్మికులకు క్వార్టర్లు కేటాయించే ఆఫీసు అనుకోండి, చాలు. అక్కడ నాతో పనిచేసినవాళ్లు ఇంకా నాతో మాట్లాడుతున్నారు. ఈ వయసులో అది చెడగొట్టుకోలేను.

సోమవారం రండి

ఎనభైల మధ్యలో నేను చేరినప్పుడు డిస్కు అంటే రెండు చేతులతో మోసే వస్తువు. పెళ్లింట్లో లడ్డూలు పోసే డబ్బా అంత ఉండేది. మూత తీస్తే లోపల ఒకదాని మీద ఒకటి పళ్లేలు. మా సూపర్‌వైజరు మహంతి గారు కటక్ మనిషి. ఆ డబ్బాను ఎవరైనా తొందరగా ఎత్తితే ఆయన మొహం తల్లి మొహంలా మారిపోయేది.

డిస్కు సర్దడమంటే ఏమిటో తెలియనివాళ్లకు రెండు మాటలు. ఆలస్యంగా టికెట్లు కొన్న కుటుంబానికి ఒకరికి ఎస్ టూలో, ఇద్దరికి ఎస్ ఫైవ్‌లో, తాతగారికి ఎక్కడో ఎస్ నైన్‌లో బెర్తులు దొరుకుతాయి కదా, డిస్కు మీద ఫైళ్లు కూడా అంతే. ఖాళీ ఎక్కడుంటే అక్కడ ముక్కలు ముక్కలుగా కూర్చుంటాయి. చదివేటప్పుడు యంత్రం బోగీ బోగీకీ పరుగెత్తాలి. ఆ ముక్కలన్నిటినీ ఒకచోటికి చేర్చడమే సర్దడం.

మహంతి గారి పద్ధతి ఒకటే. అందరినీ యంత్రం మీద నుంచి దింపేయడం, ఉన్నదంతా టేపు మీదికి తీసుకోవడం, ఆ టేపు చదవగలుగుతున్నామో లేదో చూసుకోవడం, డిస్కు తుడిచి మళ్లీ వరసగా ఎక్కించడం. దానికి ఒక శనివారమంతా పట్టేది. తలుపు మీద 'సోమవారం రండి' అని కాగితం అంటించేవారు. ఒకసారి బయట ఎవరో తలుపు బాదుతున్నారు.

"సార్, పెద్ద సాహెబు వచ్చారు" అన్నాను భయపడుతూ.

"పెద్ద సాహెబుకి కూడా సోమవారం వస్తుంది" అన్నారాయన టేపు మీంచి కళ్లు ఎత్తకుండా.

అప్పట్లో ఆయన్ని చాదస్తపు మనిషి అనుకునేదాన్ని. ఆయన రిటైరైన వారంలో ఆ కాగితాన్ని నేనే చించి పారేశాను.

ఘోషాల్ గారి రంగు గళ్లు

తొంభైల చివరికి మాకు ఒక సర్వరు వచ్చింది. క్వార్టర్ల డేటాబేసూ అందులోనే, వెయిటింగ్ లిస్టు చూపించే వెబ్ పేజీ కూడా అందులోనే. ఊళ్లోని మా ఆఫీసులన్నిటి నుంచి ఆ పేజీ తెరిచి చూసుకోవచ్చు. తమ నంబరు నిన్నటి కంటే ముందుకు జరిగిందేమోనని జనం పొద్దున్నే తెరిచేవారు, మధ్యాహ్నం తెరిచేవారు, పని లేకపోతే ఊరికే తెరిచేవారు.

అప్పటి మా బాసు ఘోషాల్ గారు. నా పేరు సత్యవతి. ఆయన నోట్లో అది 'శొత్తొబొతి' అయ్యేది. వారానికి రెండు కొత్త ఆలోచనలు ఆయనకు. ఒకటి నేను అడ్డుకునేదాన్ని, రెండోది జరిగిపోయేది. అలా జరిగిపోయినవాటిలో ఒకటి కాగితం రద్దు. క్వార్టరు కావలసినవాళ్లు కౌంటరు దగ్గర గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, ఆపరేటరు పేరు కొడుతుంది, కంప్యూటరు టైము వేసుకుంటుంది. దరఖాస్తు లేదు, రశీదు లేదు. "కంప్యూటర్లో ఉన్నాక రశీదెందుకు?" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన చాలా ఆధునికంగా కనిపించేవారు. నాకూ నచ్చింది. నచ్చలేదని ఇప్పుడు రాస్తే అబద్ధం.

ఆయనకు కలకత్తా ఎగ్జిబిషన్లో ఒక సీడీ దొరికింది. అందులో డిస్కు సర్దే ప్రోగ్రాం ఉంది. సర్వరు నడుస్తుండగానే సర్దేస్తుందట. తెర నిండా రంగు గళ్లు. చెదిరిన ముక్కలు ఎరుపు, ఒకచోట చేరినవి నీలం. ఒక ఆఫీసు పీసీ మీద నడిపి చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని, టీ గ్లాసు పట్టుకుని, ఆ గళ్లు ఎరుపు నుంచి నీలానికి మారుతుంటే రెండు గంటలు చూశారు. మధ్యలో నన్ను పిలిచి, "ఆ మూల ఇంకొకటి మిగిలింది" అని వేలితో చూపించారు కూడా.

"సర్వరు మీద ఎప్పుడు పెడదాం?" అని అడగడం మొదలుపెట్టారు ఆ రోజు నుంచి.

లైను

ఒక సోమవారం క్వార్టర్ల రిజిస్ట్రేషను పెట్టారు. నేల అంతస్తులో తొమ్మిది ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఎవరు ముందు వస్తే వాళ్లకు ముందు. అనారోగ్యం ఉన్నవాళ్లకు వేరే వరస అంటూ అప్పట్లో మా నియమాల్లో లేదు. అందుకని కౌంటరు తెరవక ముందే మెట్ల దాకా లైను కట్టారు.

లోపలికి వెళుతూ పైడయ్య మావను చూశాను. మా నాన్నతో ఒకే వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. మా ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర మూడో అంతస్తులో ఉండేవారు. ఆయన భార్య నరసమ్మత్తకు అంతకుముందు ఏడాది పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ దిగేవారు.

"మావా, ఎన్నోవోడివి?" అన్నాను.

"ఏడోవోణ్ణమ్మా" అన్నాడు వేళ్లు చూపించి. "మీ అత్త రేత్రంతా నిద్దరపోనేదు. ఇల్లు కనపడిపోతందట దానికి."

పది గంటలకు కౌంటరు తెరిచాం. పదిన్నరకు సర్వరు నత్తలా అయిపోయింది. ఒక్కొక్క పేరుకు నిమిషం పైగా పడుతోంది. ఘోషాల్ గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆయన మాట్లాడేది హిందీ, బెంగాలీ కలిపి. తెలుగులో రాస్తున్నాను.

"భీషణ్ స్లో! ఆ ప్రోగ్రాం పెట్టు శొత్తొబొతి. సర్దేస్తే పరుగెడుతుంది."

"ఇప్పుడా సార్? లైను అయ్యాక పెడదాం."

"లైను అవ్వాలంటేనే కదా అది వేగంగా నడవాలి! నడుస్తుండగా సర్దుతుందని డబ్బా మీదే రాశాడు."

ఇక్కడ ఆయన మీద నెపం వేయడం చాలా తేలిక. కానీ ఆయనకు కంప్యూటరు తెలియదు, నాకు తెలుసు. కాదని గట్టిగా అని ఉంటే అలిగి తన గదిలోకి వెళ్లేవారు, అంతే. నేను అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ప్రోగ్రాం సర్వరు మీద ఎలా నడుస్తుందో చూడాలని ఉంది. పొద్దున ఎనిమిదింటికి తీసిన బ్యాకప్ ఉంది కదా అనుకున్నాను. పదకొండింటికి మీట నొక్కాను.

డిస్కులో ఖాళీ ఎంతుందో చూసుకోలేదు. ఖాళీ బెర్తు లేని రైల్లో ఎవర్నని ఎక్కడికి మారుస్తాం? గళ్లు ఎరుపు నుంచి ఎరుపుకే తిరుగుతున్నాయి. ప్రోగ్రాం ఒక ముక్కను తీసి ఉన్న కాస్త చోటులో పెట్టడం, మళ్లీ తీయడం. అదే డిస్కు మీద కౌంటరు వాళ్లు పేర్లు కొడుతున్నారు, ఊరంతా పేజీ తెరుస్తోంది. పదకొండూ నలభైకి తెర కదలడం మానేసింది.

"ఆపేస్తున్నాను, రెండు నిమిషాలు ముట్టుకోకండి" అని చెప్పి, పేర్లు కొట్టడం ఆపమనడానికి కౌంటరు వైపు పరుగెత్తాను. వెనక టక్ మని చప్పుడైంది. తిరిగి చూస్తే ఘోషాల్ గారి వేలు సర్వరు స్విచ్ మీద ఉంది.

"హ్యాంగ్ అయింది కదా, మా ఇంట్లో టీవీకి ఇలాగే చేస్తాం" అన్నారు.

సర్వరు మళ్లీ లేచింది. డేటాబేసు లేవలేదు. అనుమానాస్పదం అని తెర మీద ఒక మాట వచ్చింది. పోలీసు స్టేషన్లో వినాల్సిన మాట అది. ఎంత ప్రయత్నించినా డేటాబేసు తెరుచుకోలేదు. పొద్దుటి బ్యాకప్ ఎక్కించగలను. కానీ పది నుంచి పదకొండూ నలభై దాకా, ఆపరేటరు లెక్క ప్రకారం, నమోదైన అరవై మూడు పేర్లు అందులో లేవు. దరఖాస్తు లేదు, రశీదు లేదు.

ఏం చెప్పాలి

ఘోషాల్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"కరెంటు పోయిందని చెబుదాం. రేపు మళ్లీ లైను కట్టమందాం."

"ఫ్యాన్లు తిరుగుతున్నాయి సార్" అన్నాను. ఇద్దరం పైకి చూశాం. తిరుగుతున్నాయి.

రేపు మళ్లీ లైను అంటే గట్టిగా తోసుకోగలవాళ్లే ముందుంటారని నాకు తెలుసు. మూడో అంతస్తు కుర్చీ కళ్ల ముందు కనిపించింది. ఏం జరిగిందో చెప్పేస్తానన్నాను.

హాల్లో స్టూలెక్కి హిందీలో చెప్పాను. నడుస్తున్న సర్వరు మీద చేయకూడని పని చేశాననీ, పొద్దుటి నుంచి రాసిన పేర్లు పోయాయనీ. అందరూ ఒక్కసారే మాట్లాడారు. బెంగాలీలో, ఒడియాలో, తెలుగులో తిట్లు పడ్డాయి. మూడూ అర్థం కావడం ఆ ఊళ్లో పెరగడంలోని నష్టం.

అప్పుడు వెనక నుంచి ఘోషాల్ గారి గొంతు వినిపించింది. "స్విచ్ నొక్కింది నేను. ఆవిడ వద్దంది." ప్రోగ్రాం పెట్టొద్దని నేను గట్టిగా అనలేదు, చివర్లో ముట్టుకోవద్దని మాత్రమే అన్నాను. ఆ తేడా ఆయన నా కోసం మింగేశారు. తరువాత పదిహేనేళ్లు ఆయన ఆలోచనలను భరించడానికి నాకు ఆ ఒక్క మాట సరిపోయింది.

"పేర్లు పోతే పోనీ దీదీ" అంది అప్పటికే పేరు రాయించుకున్న ఒక బెంగాలీ అమ్మాయి. "మనుషులం ఉన్నాం కదా. నా ముందు ఎవరున్నారో నాకు గుర్తుంది."

నిజమే. నమోదు చేయించుకున్నవాళ్లలో చాలామంది పేరు పేజీలో కనిపించేదాకా కదలకుండా వరండాలోనే కూర్చున్నారు. వెళ్లిపోయినవాళ్ల కోసం సైకిళ్లు పంపించాం. ఘోషాల్ గారు తాను రద్దు చేసిన కాగితాన్ని అట్టకు పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లారు. మీ ముందు ఎవరు, మీ వెనక ఎవరు. పెన్ను కూడా ఎవరి దగ్గరో అడిగి తీసుకున్నారు.

అంతసేపు లైన్లో నిలబడ్డవాళ్లకు పక్కవాళ్ల చొక్కా రంగు దగ్గర నుంచి వాళ్ల అత్తగారి గుణం దాకా తెలుస్తుంది. రెండున్నరకల్లా అరవై మూడులో యాభై ఎనిమిది పేర్లు తగాదా లేకుండా కుదిరాయి. ఏడో చోట పైడయ్య మావ అని నలుగురు చెప్పారు. నేనూ చూశాను కదా. రాసి, చదివి వినిపించాను.

"నాను ఏడోవోణ్ణి కాదమ్మా" అన్నాడు మావ.

"పొద్దున నువ్వే సెప్పినావు గదా మావా."

"పొద్దున ఏడే. కౌంటరు తెరిసే యేలకి నాను లైన్లో లేను. బయటికెల్లి మల్లీ వొచ్చినాను. ఇదిగో, ఈ పాప ఎనకాల నిలబడి రాయించుకున్నాను. పన్నెండు."

తన వెనక ఎవరో ఆ బెంగాలీ అమ్మాయికి పొద్దుట్నుంచీ తెలిసే ఉంటుంది, అయినా ఆ సంగతి ఎత్తలేదు. ఎనిమిదో చోటున్న ఒక పెద్దాయన మాత్రం, "దాదా, ఉండనీ, మేమెవరమూ అడగలేదు కదా" అన్నాడు.

"అడగనేదు. మరి నాను అక్కడ లేను గదా" అన్నాడు మావ.

ఎందుకెళ్లావని అడిగితే "పనుండీ" అని మాత్రం అన్నాడు. నేను ఏడు కొట్టేసి పన్నెండు రాశాను. నేల అంతస్తు ఇళ్లు తొమ్మిది. ఉద్యోగంలో నేను చాలా ఎంట్రీలు చేశాను గానీ, చేయి అంత బరువుగా కదిలింది అప్పుడే.

దీఘా

తర్వాత నాలుగు రోజులు అసలు జబ్బేమిటో వెతికాను. మీకు పనికొచ్చేది ఇదే గనుక శ్రద్ధగా చదవండి.

డిస్కు ఎందుకు నిండిందో చూస్తే, మూలన 'దీఘా' అని ఒక ఫోల్డరు. ఘోషాల్ గారి కుటుంబం దీఘా సముద్రతీరానికి వెళ్లిన ఫొటోలు. ఆఫీసుకు కొత్తగా వచ్చిన స్కానరు మీద అతి పెద్ద సైజులో ఎక్కించి, భద్రంగా ఉంటాయని సర్వరులో దాచుకున్నారు. నిలదీశాను.

"సముద్రం కదా, కాస్త పెద్దదే ఉంటుంది" అన్నారు నేల చూస్తూ.

నవ్వుకుంటూ ఇంకా తవ్వితే రెండో కారణం దొరికింది. దాంతో నవ్వు ఆగింది. వెయిటింగ్ లిస్టు పేజీ రాసింది నేను. ఎవరు తెరిచినా, వేల పేర్ల జాబితానంతా మొదటి నుంచి చివరిదాకా చదివి, వరస పెట్టి, అందులోంచి ఒక్క నంబరు చూపించేలా రాశాను. జాబితా చిన్నగా ఉన్నప్పుడు ఎవరికీ తెలియలేదు. డిస్కును ఎంత అందంగా సర్దినా ఆ పేజీ అలాగే ఏడిపించేది. పుస్తకానికి విషయసూచిక లాంటి ఒక ఇండెక్సు పెట్టి నాలుగు లైన్లు మార్చితే రెప్పపాటులో వచ్చింది. ఆ నాలుగు లైన్లు ముందే రాసి ఉంటే ఘోషాల్ గారికి స్విచ్ నొక్కే అవకాశం దొరికేది కాదు.

కాబట్టి యంత్రం నెమ్మదించిందని ఎవరైనా అంటే ముందు మీరు రాసింది చూసుకోండి. ఆ తర్వాతే డిస్కును అనుమానించండి. ముట్టుకునే ముందు అప్పటికప్పుడు బ్యాకప్ తీయండి. పొద్దుటిది బ్యాకప్ కాదు, జ్ఞాపకం. ఆ బ్యాకప్‌ను వేరే చోట ఒకసారి తెరిచి చూడండి. నడుస్తుండగా చేయవచ్చని డబ్బా మీద రాసినవాడు మీ లైన్లో నిలబడడు. ఇవన్నీ నాకు మహంతి గారు చెప్పినవే. నేను పెన్ను తీసుకుని కొత్త కాగితం మీద 'సోమవారం రండి' అని రాసుకున్నాను. రశీదులు కూడా తిరిగొచ్చాయి. వాటిని ప్రవేశపెట్టింది తానేనని ఘోషాల్ గారు రిటైరయ్యేదాకా చెప్పుకున్నారు.

మూడో అంతస్తు

ఆ ఆదివారం నరసమ్మత్తను చూడడానికి వెళ్లాను. క్షమించమని అడగాలనుకున్నాను. మూడంతస్తులెక్కి ఆయాసపడుతూ కూర్చున్నాను.

"మీ కంప్యూటరు మావ పేరు మింగీసిందట గదమ్మా" అంది అత్త. మాట కొంచెం ముద్దగా వచ్చేది. "నేకపోతే ఏడోవోడట."

మావ వైపు చూశాను. ఆయన గోడ మీద క్యాలెండరు చదువుతున్నాడు. అరవై మంది ముందు తన చోటు తాను వదులుకున్న మనిషి, ఇంటికొచ్చి నేరం నా సర్వరు మీద పెట్టాడు. తప్పు చేసినదాన్ని నేనే గనుక ఏమనగలను?

"అవునత్తా" అన్నాను. "కంప్యూటరే."

దింపడానికి వచ్చినట్టు మావ నాతో రెండో అంతస్తు దాకా దిగి, మెట్టు మీద ఆగాడు.

"గేటు బయట ఘుగ్ని బండి ఉన్నాది" అన్నాడు గొంతు తగ్గించి. "ఏడేడి బఠాణీలు, పైన పచ్చి ఉల్లిపాయలు. కడుపులో పుండనీసి డాకటరు మానీమన్నాడు, మీ అత్త ఒట్టేయించుకున్నాది. రెండేళ్లు ముట్టనేదు. ఆ దినం వాసన తగిలీసింది. ఐదు నిమిషాల్లో వొచ్చీవొచ్చులే అనుకున్నాను. ఆడు మల్లీ ఒక పలేటు ఎట్టీసినాడు."

"మావా!"

"సెప్పకమ్మా. ఇల్లు పోనాదంటే ఓరుసుకుంటాది. బఠాణీల కోసం పోనాదంటే నన్ను బతకనివ్వదు."

చెప్పలేదు. అప్పట్నుంచి గురువారాలు అత్తను ఆసుపత్రికి దింపేటప్పుడు నేనూ వెళ్లేదాన్ని. కుర్చీ ఎత్తే బలం నాకు లేదు. ముందు నడిచి, మెట్ల మీద సైకిళ్లు అడ్డంగా ఉంటే తీసేదాన్ని. మావ ఎప్పుడూ కుర్చీ వెనక కాలు పట్టుకునేవాడు. బరువంతా అటే పడుతుంది. ఎవరు మారుస్తామన్నా ఇచ్చేవాడు కాదు.

ఏడు నెలలకు ఒకరు బదిలీ మీద వెళ్లిపోతే నేల అంతస్తు ఇల్లొకటి ఖాళీ అయింది. ముందున్న ఇద్దరికీ అప్పటికే వేరే ఇళ్లు దొరకడంతో వరసలో మావే మొదటివాడు. సామాను చేర్చిన రోజు వెళ్లాను. అత్త కర్ర పట్టుకుని గడప దాటి, ఎవరి చెయ్యీ లేకుండా గేటు దాకా నడిచి, అక్కడ గోడ పట్టుకుని నిలబడింది. రోడ్డు మీద పోయేవాళ్లను ఒక్కొక్కరినే చూస్తోంది. మావ లోపల మంచం బిగిస్తున్నాడు.

"నువ్వు కూడా అబద్దం ఆడినావు గదమ్మా" అంది అత్త రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

"ఏటత్తా?"

"ఆ దినం ఇంటికొచ్చినాక సొక్కా ఇప్పి నాకే ఇచ్చినాడు. జేబు మీద బఠాణీ తొక్క. ఊపిరి నిండా ఉల్లిపాయ. పక్షవాతం కాలికి వొచ్చినాది గానీ ముక్కుకొచ్చిందేటి?"

"మరి అడగనేదేటత్తా, ఇన్నాళ్లూ?"

లోపల మావ సుత్తితో మంచం కోడును కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏటడగను? పతీ గురువారం ఎనక కాలు ఆడే పట్టినాడు" అంది. తర్వాత ఇంటి వైపు తిరిగి గొంతెత్తింది. "ఏటయ్యా! మంచం ఆ గోడకి కాదు, ఈదిలోకి కనపడేలాగ కిటికీ కాడికి జరుపు!"